పాపం ఎవరిది?

మన తెలుగులో ‘పాపం’ అనే మాటని రెండు రకాలుగా వాడతాం. తప్పు చేసినవాళ్ల గురించి “ఎంత పాపం చేశాడో” అంటాం. కష్టంలో ఉన్నవాళ్లని చూసి “అయ్యో పాపం” అంటాం. మాట ఒకటే, మనసు వేరు. మూడేళ్ల కిందట మా ఇంట్లో ఒక పసివాడు నొప్పితో రాత్రంతా ఏడుస్తుంటే మేమంతా రెండో మాట అనాల్సిన చోట మొదటి మాట అన్నాం. అందులో నా వంతు చాలా ఉంది. దాని గురించి రాయాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను, ఇవాళ కూర్చున్నాను.

నా పుట్టిల్లు ఖమ్మం. అత్తగారి ఊరు భద్రాచలం దాటాక, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉంటుంది. మా ఆయన ఉద్యోగం వల్ల మేం ఖమ్మంలోనే ఉంటాం గానీ పండక్కీ, పబ్బానికీ, వేసవి సెలవులకీ అక్కడికే వెళ్తాం. ఎండాకాలం పొద్దున్నే ఇప్పపువ్వు వాసన, ఆ తరువాత తునికాకు కట్టల లెక్కలు. పెళ్లై వచ్చిన కొత్తలో నాకు అవన్నీ వింత. మా అత్తగారి వాళ్లు కోయలు, మామగారి తాతల నాటినుంచి క్రైస్తవులు. ఆ వైపు సువార్త రావడానికి పెద్ద కథే ఉంది. 1860ల్లో గోదావరి మీద పడవలు పైదాకా నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని పెట్టారు. ఆ పని చూసిన హేగ్ అనే ఇంజనీరు కోయల మధ్య సేవ మొదలవ్వాలని పట్టుబట్టాడు. తరువాత జాన్ కెయిన్ అనే మిషనరీ ఏళ్ల తరబడి అక్కడే ఉండి, కోయల భాష, ఆచారాల గురించి రాసిపెట్టాడు. మా మామగారు ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒక మాట అనేవారు: “జబ్బు చేస్తే ఎవరు చేశారా అని వెతికే భయంనుంచి మనల్ని దేవుడు బయటికి తెచ్చాడమ్మా.” ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండి కూడా ఏం చేశానో చెప్తాను.

మా మరిది కొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. ఉన్నట్టుండి ఒళ్లంతా నొప్పులనేవాడు. కాళ్లు పట్టుకుని ఏడ్చేవాడు. కళ్లు పచ్చబడేవి, జ్వరం వచ్చేది. నాలుగు రోజులకి తగ్గేది, మళ్లీ నెలకో రెండు నెలలకో వచ్చేది. ఏడాది పిల్లాడప్పుడు చేతులు, పాదాలు పొంగితే చలిగాలి అనుకున్నారు. ఊళ్లో సూదిమందు వేసే ఆయన వేశాడు. చుట్టుపక్కలవాళ్లు “ఎవరో చేశారు” అన్నారు. మా అత్తమ్మ “మేం విశ్వాసులం, అట్లాంటివి నమ్మం” అని గట్టిగానే చెప్పింది. కానీ అదే ప్రశ్న వేరే బట్టలు కట్టుకుని మా ప్రార్థన కూడికలోకి వచ్చేసింది. “ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే ప్రార్థన పైకి వెళ్లడం లేదు” అన్నారు.

నా తోడికోడలు నన్ను అక్కా అని పిలుస్తుంది. నేను చెల్లీ అంటాను. ఒకరోజు ఫోన్లో ఏడుస్తూ నాకొక సంగతి చెప్పింది. ఈ బాబు కడుపులో ఉన్నప్పుడు, అంతకు ముందు ఒక కాన్పు పోయి ఉండటంతో, భయపడి పుట్టింట్లో ఒక తాయెత్తు కట్టించుకుందట. అత్తమ్మకి తెలిస్తే గొడవవుతుందని బట్టల్లో దాచుకుందట. “దానివల్లే నా కొడుక్కి ఇట్లా అయిందా అక్కా? ఎవరికీ చెప్పకు” అంది. “లేదు చెల్లీ, దేవుడు అట్లాంటివాడు కాదు” అని నేను అప్పుడే అని ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు. “ప్రార్థన చేద్దాంలే” అని ఫోన్ పెట్టేశాను.

ఆ వారం ఖమ్మంలో మా స్త్రీల కూడికలో ప్రార్థనాంశాలు చెప్పమన్నారు. నేను లేచి “మా బంధువుల్లో ఒకామె” అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. పేరు చెప్పలేదు, అందుకని తప్పు చేసినట్టే అనిపించలేదు. నిజం చెప్పాలంటే అందరూ “అయ్యో” అంటూ నా వైపు తిరిగి వింటుంటే కొంచెం బాగానే అనిపించింది. మన కూడికల్లో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. బయట చెప్తే చాడీ. కళ్లు మూసుకుని చెప్తే ప్రార్థనాంశం.

రెండు వారాలు తిరక్కుండా ఆ మాట గోదావరి దాటింది. బాబు కోసం అత్తగారింట్లో ఉపవాస కూడిక పెట్టారు, మేమూ వెళ్లాం. ప్రార్థన చేస్తున్న పెద్దాయన ఒకరు అందరి ముందూ తాయెత్తు ప్రస్తావన తెచ్చి, ఆ పాపం ఒప్పుకుంటేనే బిడ్డకి స్వస్థత అన్నారు. చెల్లి తలెత్తి నన్నొక్కసారి చూసింది. బాబుని ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ రోజునుంచి చర్చికి రాలేదు. అంతకన్నా దారుణం ఇంకొకటి జరిగింది. బాబుకి నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పడం మానేసింది. చెప్తే మళ్లీ ఆ పంచాయితీయే కదా.

ఏడు నెలల తరువాత, వానాకాలంలో, పిల్లాడు పాలిపోయి, లేవలేని స్థితికి వచ్చాక గానీ మరిదికే తెలియలేదు. వాగు పొంగి బండి రాక, మంచం మీద మోసుకుని రోడ్డుదాకా తెచ్చారు. ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. అక్కడే పరీక్ష చేసి చెప్పారు, సికిల్ సెల్ అనీమియా అని.

ఈ జబ్బు గురించి నేను తెలుసుకున్నది మీకూ చెప్పాలి. మన రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండాలి. ఈ జబ్బులో అవి కొడవలిలా వంగి గట్టిపడతాయి. సన్నటి నరాల్లో ఇరుక్కుంటాయి, అందుకే ఆ నొప్పి. త్వరగా చచ్చిపోతాయి, అందుకే రక్తం తక్కువ, కళ్లు పచ్చన. ఇది తల్లీతండ్రీ ఇద్దరినుంచీ వస్తేనే బిడ్డకి జబ్బవుతుంది. ఒక్కరినుంచే వస్తే బిడ్డ మామూలుగానే ఉంటాడు, లోపల మోస్తుంటాడంతే. అట్లా మోసే ఇద్దరికి పెళ్లైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. చెల్లీ, మరిదీ ఇద్దరూ మోసేవాళ్లే. ఇద్దరికీ తెలియదు.

ఇంకో సంగతి విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఒక్క వైపునుంచే వచ్చి లోపల మోసేవాళ్లకి మలేరియా అంత ప్రమాదం కాదట. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే అడవి ప్రాంతాల్లో తరతరాలుగా ఇది నిలిచిపోయిందట. మన్యం జ్వరాలకి మనుషులు రాలిపోయిన ఆ అడవుల్లో మా పిల్లాడి పూర్వీకుల్ని ఏది బతికించిందో, అదే రెండు వైపులనుంచీ కలిసి వచ్చి వాడి ఒంట్లో నొప్పైంది. దీనిలో తాయెత్తు ఎక్కడుంది? తల్లి పాపం ఎక్కడుంది?

అయితే పాపం లేదా? ఉంది. పాపం గురించి మాట్లాడటం మానేద్దామని నేను అనడం లేదు. మనం వెతికే చోట లేదంటున్నాను.

ఆదికాండం మొదట్లో ఆదాము హవ్వలు పండు తిన్నాక జరిగిందేమిటో చూడండి. జ్వరం రాలేదు, కాళ్లు పడిపోలేదు. దేవుడి అడుగుల చప్పుడు వినగానే చెట్ల చాటుకి వెళ్లి దాక్కున్నారు. అంతకుముందు ఆయనతో ఉన్నవాళ్లే. దేవుడు మొదట అడిగింది “ఏం చేశావు” అని కాదు, ఎక్కడున్నావని. ఆ తరువాత ఆదాము నేరం హవ్వ మీదికి తోశాడు. అంటే దేవుడికి దూరమైన గంటలోనే మొగుడూ పెళ్లాం కూడా ఒకరికొకరు దూరమయ్యారు. పాపమంటే నాకర్థమైంది ఈ ఎడబాటే. దొంగతనం, అబద్ధం, వ్యభిచారం అని మనం వేసుకునే లెక్కలన్నీ ఆ దూరంలో మొలిచినవే.

శిష్యులు కూడా మనలాంటి ప్రశ్నే అడిగారు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, పాపం ఎవరిది, వీడిదా వీడి అమ్మానాన్నలదా అన్నారు. ప్రభువు వీడిదీ కాదు, వాళ్లదీ కాదన్నాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఎన్నిసార్లు చదివానో. మా పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారీ గుర్తు రాలేదు.

కొంతమంది అక్కలు నాతో వాదించారు. పక్షవాతం వచ్చినవాడికి ప్రభువు ముందు పాపక్షమాపణ ఇచ్చి, తరువాతే కదా లేపాడు అన్నారు. నిజమే. కానీ వాణ్ని మోసుకొచ్చిన నలుగురిని చూడండి. వాళ్లు వాడి పాపమేమిటని అడగలేదు. జనం అడ్డుంటే ఇంటి కప్పు విప్పి దించారు. క్షమించడం ఆయన పని, మోసుకెళ్లడం మన పని. మేం మోసుకెళ్లే పని వదిలేసి ఆయన పని మీద వేసుకున్నాం. ఇంకో అక్క, తాగుడువల్ల లివర్ పోవడం పాప ఫలితం కాదా అంది. కొన్ని జబ్బులకి మన నడవడి కారణమే, కాదనను. అప్పుడు కూడా ఆ మనిషికి కావాల్సింది తాగుడు మాన్పించే చెయ్యే గానీ, మంచం పక్కన నిలబడి తీర్పు చెప్పే నోరు కాదు.

ఇదంతా అర్థమయ్యాక నాకు మరో భయం పట్టుకుంది. చెల్లి చర్చికి రావడం లేదని అందరూ “దేవుడికి దూరమైంది” అంటున్నారు. నేను ఒక్క ఆదివారం మానలేదు. పాటల గుంపులో ముందు వరసలో నిలబడతాను, బల్ల తీసుకుంటాను. మరి ఆ రెండున్నరేళ్లలో చెల్లికి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయాను. బాబు ఎట్లున్నాడో మా ఆయన్నడిగి తెలుసుకునేదాన్ని. ప్రార్థనలో వాడి పేరు రాగానే నోరు తడబడేది. తప్పిపోయిన కుమారుడి కథలో ఇల్లు వదిలి వెళ్లినవాడు తిరిగొచ్చాడు. ఇల్లు వదలని పెద్దవాడే చివరికి గుమ్మం బయట అలిగి నిలబడ్డాడు. చెట్ల చాటున దాక్కున్నది చెల్లి కాదు, నేనని అప్పుడు తెలిసింది.

ఆ మధ్య ఒక పెళ్లికి డోర్నకల్ వెళ్లాను. ఖమ్మంనుంచి రైల్లో దగ్గరే, కొత్తగూడెం పట్టాలు చీలేది అక్కడే. పెళ్లయ్యాక అక్కడి ఎపిఫనీ కేథడ్రల్లో కాసేపు కూర్చున్నాను. 1939లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. గుడి కట్టడంలా, మసీదు కట్టడంలా, చర్చిలా మూడూ కలిసినట్టుంటుంది. అది కట్టించిన అజరయ్య బిషప్పుగారు తమిళుడు. తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. 1912లో బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద సభలో ఆయన మాట్లాడాడు. మీరు మాకు డబ్బిచ్చారు, శ్రమపడ్డారు, ప్రాణాలూ ఇచ్చారు, కానీ మాకు కావాల్సింది స్నేహం అన్నది ఆయన మాటల సారం. ఇంట్లోకి పిలిచి కుర్చీ వెయ్యరేమని ఆ పెద్దల్ని మొహం మీదే అడిగినట్టు అడిగాడు.

ఆ బెంచీ మీద కూర్చుంటే నాకు అదే గుర్తొచ్చింది. మేం చెల్లి కోసం ఉపవాసాలున్నాం, కానుకలు పట్టాం, మూడు మండలాలనుంచి ప్రార్థించేవాళ్లని పిలిపించాం. ఆమె పక్కన నేల మీద కూర్చుని, బాబు కాళ్లు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఒత్తినవాళ్లం మాలో ఒక్కరం లేం.

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా తోడబుట్టినవాడికి నీమీద ఏదైనా బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. పోయిన డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందే, నేనొక్కదాన్నే బస్సెక్కాను. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వంతెన. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. అక్కడికి వెళ్లేసరికి చెల్లి వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. అనుకున్న మాటలేవీ రాలేదు.

“ఆ సంగతి బయట పెట్టింది నేనే చెల్లీ” అన్నాను.

“తెలుసక్కా. నీకొక్కదానికే కదా చెప్పాను” అంది. తలెత్తలేదు.

కౌగిలించుకుని ఏడ్చామని రాస్తే బాగుండేది గానీ అట్లా జరగలేదు. చాలాసేపు ఇద్దరం కాయలు ఒలిచాం. “తప్పయింది” అని మాత్రం అన్నాను. సాకులు చెప్పలేదు. “అన్నం తిని వెళ్లు” అంది. తిన్నాను. బాబు బడినుంచి వచ్చి, పెద్దమ్మా అంటూ సంచీలో ఏం తెచ్చానో వెతికాడు. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి పదిన్నరకి ఫోనొచ్చింది. “అక్కా, బాబుకి మళ్లీ నొప్పొచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. ప్రార్థన చెయ్. ఎవరికీ చెప్పకు.”

ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి వంటింట్లో మోకాళ్లూని చేసిన ప్రార్థనలో వాడి పేరు దగ్గర నా నోరు తడబడలేదు.

ఇప్పుడు వాడికి ఏడేళ్లు. జబ్బు పోలేదు. ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా వేసుకుంటాడు. నీళ్లు ఎక్కువ తాగాలి, చలిలో తిరగకూడదు, జ్వరం వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పులు మునుపటంత తరచుగా రావడం లేదు. చెల్లి చర్చికి ఎప్పుడు వస్తుందో తెలియదు, నేను అడగను. స్వస్థత జరగలేదా అని ఎవరైనా అడిగితే, జరిగిందనే చెప్తాను. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుంపులో దొంగచాటుగా వచ్చి ప్రభువు వస్త్రాన్ని ముట్టుకుంది. ముట్టుకోగానే రోగం తగ్గింది. ఆయన అంతటితో పోనివ్వలేదు. ఆగి, ఆమెని వెతికి, కుమారీ అని పిలిచాడు. అంటరానిదానిగా పన్నెండేళ్లు అందరికీ దూరంగా ఉన్న మనిషిని అందరి ముందూ ఇంటి బిడ్డని చేశాడు. రోగం తగ్గడం సగమే, ఆ పిలుపుతోనే ఆమెకి పూర్తి స్వస్థత అని నాకనిపిస్తుంది. దేవుడు మనిషైంది ఆ దూరం దాటి రావడానికే కదా, సిలువ దాకా వెళ్లింది అందుకే కదా. మా ఇంట్లో ముందు బాగుపడాల్సింది నేను. కొంచెం బాగుపడ్డాను.

అక్కచెల్లెళ్లకి మూడు మాటలు చెప్పి ముగిస్తాను. మీది ఏ విశ్వాసమైనా సరే, “ఏ జన్మ పాపమో”, “ఏ ఒప్పుకోని పాపమో” అని జబ్బుపడ్డ బిడ్డ తల్లితో అనకండి. ఆమె ఆ మాట రాత్రుళ్లు తనతో తాను ఎప్పుడో అనుకునే ఉంటుంది. రెండో మాట, యాకోబు పత్రికలో ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమని ఉంది. మన పాపాలు. పక్కింటావిడవి కాదు. ప్రార్థనాంశం చెప్పేముందు, ఇది నా సంగతా ఇంకొకరి సంగతా అని ఒక్క క్షణం ఆలోచించండి. మూడోది, ప్రార్థన చేస్తున్నాం కదా అని మందు మానిపించకండి. మా వైపు పెళ్లి మాటలప్పుడు కట్నం, పొలం అన్నీ అడుగుతారు, సికిల్ సెల్ పరీక్ష మాత్రం అడగరు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు నిర్మూలనకి పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. చిన్న రక్తపరీక్ష, చేయించండి.

ఈ వ్యాసం చెల్లికి ఫోన్లో చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నాను. మొత్తం విని, “పేర్లు రాయకు. తాయెత్తు సంగతి రాయి, ఇంకో తల్లి నాలాగా దాచుకుని చావకూడదు” అంది. కాసేపాగి, “ఈసారి నన్నడిగావు” అంది.